చెరువు గట్టున గుడారమంత చోటు

కోనసీమ లంక ఊళ్ళ పంచాయతీ పెద్దలకు, వార్డు మెంబర్లకు, రేవుల్లో ఏరు దాటించే పంటు నడిపే సరంగులకు,

నమస్కారమండీ.

వైశాఖ పున్నమి రాత్రి గోదారి పాయ వైనతేయ ఒడ్డున, మీలో ఒకరి ఊళ్ళో, నన్నూ మా మేనల్లుణ్ణీ ఒకాయన టార్చిలైటు వేసి లేపాడు. “లెగండి బాబూ, పోటు తోసుకొచ్చేత్తంది. మీ డేరా కిందకి నీళ్ళొచ్చేసినియ్యి” అన్నాడు. లేచి చూస్తే చెప్పులు తేలుతున్నాయి. సాయంత్రం మేం గుడారం వేసేటప్పటికి ఏరు ఎక్కడో ఉంది. ఇసుక పొడిగా, పరుపులా ఉంది. ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాం. నేనూ గోదారివాణ్ణే. కాకపోతే పుట్టింది రావులపాలేనికి ఎగువన, గౌతమి లంకలో. మాకు గోదారంటే ఎప్పుడూ కిందికి పోయేదే. సముద్రం దగ్గరపడ్డాక అది రోజుకి రెండుసార్లు వెనక్కి నడుస్తుందనీ, పున్నమికీ అమావాస్యకీ ఇంకాస్త ఎత్తున నడుస్తుందనీ బళ్ళో చదివాను గానీ, నడుం కింద చల్లగా తగిలేదాకా బుర్రకెక్కలేదు.

ఆయన మమ్మల్ని ఏటిగట్టు ఎక్కించి, తన పాక ముందు నులకమంచం వాల్చి, తెల్లారాక టీ కూడా ఇప్పించాడు. పేరడిగితే చెప్పకుండా, “ఇంతకీ మీరెవరి తాలూకండి?” అని ఎదురడిగాడు. ఆ రుణం ఉండిపోయింది. ఈ ఉత్తరంలో సగం దానికోసం.

మిగతా సగం మిమ్మల్ని ఒకటి అడగడానికి. ఎండాకాలంలో గుడారాలు వీపున కట్టుకుని వచ్చేవాళ్ళకి మీ ఊరి చెరువు గట్టునో, బడి ఆవరణలోనో, సంత జరిగే చోటో రాత్రికి ఒక జాగా చూపించండి. ఊరికే వద్దు. డబ్బులు తీసుకోండి, రసీదు ఇవ్వండి.

ఎందుకడుగుతున్నానో చెప్పాలంటే మా ప్రయాణం సంగతి కొంచెం చెప్పాలి. మా మేనల్లుడిది హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. “మావయ్యా, కోనసీమంతా సైకిళ్ళ మీద చుట్టేద్దాం, ఎక్కడ చీకటి పడితే అక్కడ పడుకుందాం” అని రెండేళ్ళుగా ఒకటే నస. మే నెలలో తప్ప వాడికి సెలవు దొరకదు. నాకు యాభై ఆరు. “ఎండల్లోనా? మతుండే అంటున్నారా?” అని మా ఆవిడ ఒక్క మాటే అంది, అది చాలు. అయినా బయల్దేరాం. ధవళేశ్వరం బ్యారేజీ మీంచి బొబ్బర్లంక దిగి ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం, కొత్తపేట. ఏటి మీంచి కాలువని దాటించే గన్నవరం అక్విడక్టు దాటి మామిడికుదురు, అప్పనపల్లి, రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది. వెనక్కి తిరిగి పాశర్లపూడి – బోడసకుర్రు వంతెన మీదుగా ఓడలరేవు, అమలాపురం, ముమ్మిడివరం. ఎదుర్లంక వంతెన ఎక్కి యానాంలో దిగేసరికి ఏడు రాత్రులు.

మ్యాపులో చూస్తే ఇదంతా దీవే. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమీ వశిష్ఠలై చీలి, వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోయి, అడుగున సముద్రం గీత గీస్తే మధ్యన మిగిలింది కోనసీమ. దానిలోపలా చుట్టూ మళ్ళీ పిల్ల దీవులు, మన లంకలు. దీవిలో ఉంటున్నామన్న సంగతి మనకి మామూలుగా గుర్తుండదు. వరదొచ్చి కనకాయలంక కాజ్‌వే మునిగిందని పేపర్లో పడ్డప్పుడు గుర్తొస్తుంది. మా మేనల్లుడికి మాత్రం ప్రతి వంతెన మీదా గుర్తొచ్చింది. ఆగి ఫొటో తీస్తాడు, నేను సైకిలు పట్టుకుని నిలబడతాను.

ఎండాకాలం ఇక్కడ తిరగడానికి పనికిరాదనేవాళ్ళకి ఒకటి చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి ఏటిగట్టెక్కితే ఎనిమిదిన్నర దాకా స్వర్గం. గట్టుకి ఒక పక్క ఇసుక తిన్నెలు, సన్నగా చిక్కిపోయిన ఏరు, ఇంకో పక్క కొబ్బరి తోటలు, వాటి కింద కోకో, అరటి. దారంతా చదును, ఎగుడు లేదు దిగుడు లేదు. ఎనిమిదిన్నర తర్వాత ఎండకంటే ఉక్క చంపుతుంది. చొక్కా పిండితే బిందె నిండుతుంది. అక్కడితో ఆపేసి ఏ గుడి మండపంలోనో చావిట్లోనో నడుం వాల్చేవాళ్ళం. తాటిముంజలు, బొండాలు, లంకల్లో ఇసుక మీద పాకిన పాదుల పుచ్చకాయలు. రోజుకి ఒక్క భోజనంతో సరిపోయింది. అంతర్వేది వైపు ఒక హోటల్లో మాత్రం కారులోంచి దిగిన నలుగురు పులస కూర అడిగారు. మే నెలలో! హోటలాయన తడుముకోకుండా “ఉందండి” అన్నాడు. వరద ఎర్రనీరు తగిలి విలస చేప పులసయ్యేది జులై, ఆగస్టుల్లో కదా. అడిగినవాళ్ళని అనాలో, ఉందన్నవాణ్ణి అనాలో తెలియక నేను మజ్జిగ తాగి లేచిపోయాను.

పగలు బాగుంది. రాత్రుళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

మొదటి సాయంత్రమే మావాడు రెండు కొబ్బరిచెట్ల మధ్యన గుడారం పరిచాడు. బొమ్మలో బాగుంటుందట. తోట రైతు వచ్చి తలెత్తి పైకి చూసి, “కాయ పడితే డేరా ఆగదండి, తలకాయా ఆగదు” అని పుచ్చపాదుల దగ్గర కాపలా పాక చూపించాడు. ఆ రాత్రి హాయిగా గడిచింది. రెండో రాత్రి గన్నవరం అక్విడక్టు దాటాక. వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టుకున్నాం కదా, ఆ పేరు చదువుకుని అవతలికి దిగి, ఒక ఊరి బడి అరుగు మీద పక్కలు వేసుకున్నాం. పది గంటలకి ఒక పెద్దమనిషి మోటారుసైకిలు మీద వచ్చి, “పర్మిషనుందా?” అన్నాడు. ఎవర్ని అడగాలో చెప్పండి, అడుగుతామన్నాం. ఎవరిదో ఆయనకీ తెలియదు. లేదన్నది మాత్రం తెలుసు. చివరికి పెట్రోలు బంకులో, టైర్లకి గాలికొట్టే మిషను పక్కన తెల్లవార్చాం.

ఇంకో రాత్రి సముద్రపొడ్డున సరుగుడు తోటలో ఒక కుర్రాడు వచ్చి తలకి ఐదొందలడిగాడు. ఈ తోట మీదా అంటే కాదన్నాడు, ప్రభుత్వానిదా అంటే అయ్యుండొచ్చన్నాడు. రసీదడిగితే నవ్వాడు. ఇద్దరికీ కలిపి మూడొందలకి బేరం కుదిరింది. ఆ డబ్బు పంచాయతీ ఖాతాలో పడి ఉంటే నాకు ఒక్క రూపాయీ నొప్పి ఉండేది కాదు.

ఇవి ఫిర్యాదులనుకోకండి. తప్పులు మావీ ఉన్నాయి. నాలుగో రోజు పొద్దున్న రేవు దగ్గర గుడారంలోంచి తల బయటికి పెడితే గట్టు మీద ఐదారుగురు ఆడవాళ్ళు బిందెలూ బట్టలూ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచో ఏమో. అందులో పెద్దావిడ, “మీరు లేచి అటెళ్తే మేం నీళ్ళకి దిగుతాం నాయనా” అంది. కోపంగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మ కూడా అదే వేళకి రేవుకి వెళ్ళేది. ఏ మగాడైనా అక్కడ గుడారం వేసుంటే మా నాన్న ఏం చేసేవాడో నాకు తెలుసు. పట్నం నుంచి వచ్చినవాడికి రేవంటే సూర్యోదయం కనబడే చోటు. అది ఊళ్ళో ఆడవాళ్ళ గది అని వాడికి చెప్పేదెవరు? చెప్పే బోర్డు ఎక్కడా లేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. ఒక ఊరి చెరువు మెట్ల మీద మావాడు ఉప్మా గిన్నె సబ్బు పెట్టి తోముతున్నాడు. అటుగా వెళ్తున్న ముసలాయన కర్ర నేలకేసి కొట్టి, “ఆయ్, అవి తాగే నీళ్ళు!” అని కేకేశాడు. వాడికి అర్థం కాలేదు. చుట్టూ గోదారి పెట్టుకుని చెరువు నీళ్ళు తాగడమేంటి మావయ్యా అన్నాడు. మీకు చెప్పక్కర్లేదు గానీ వాడికి చెప్పాల్సి వచ్చింది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ దీవికి కాలువ నీరే ప్రాణం. పూడిక తీయడానికీ లాకులు బాగుచేయడానికీ ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోపు ఊరూరా చెరువులు నింపుకోవాలి. మళ్ళీ జూన్‌లో కాలువ వదిలేదాకా ఆ చెరువే గతి. సముద్రం వైపు ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పు, ఏట్లోకి వెళ్తే పోటు ఉప్పు. అంటే సరిగ్గా మాలాంటివాళ్ళు సెలవులకి దిగే ఆరు వారాలూ మీరు నీళ్ళు లెక్కపెట్టుకుని తాగే ఆరు వారాలు. అది తెలిశాక మేం టిన్ను నీళ్ళు కొనుక్కున్నాం. తెలియనివాళ్ళు మెట్ల మీద గిన్నెలు తోముతూనే ఉంటారు, మీరు తిడుతూనే ఉంటారు.

సీసాల సంగతి నేను చెప్పేదేముంది, మీకు తెలిసిందే. ఇసుకలో పగిలిన గాజు పెంకు గేదె గిట్టకి దిగితే ఎవరిదో తెలియదు, పశువుల డాక్టరుకి డబ్బు మాత్రం రైతే ఇచ్చుకోవాలి. బయటివాళ్ళంటే మీకు మొహం మొత్తిందంటే తప్పుపట్టను.

కానీ రావద్దంటే మానేవాళ్ళు కారు. దిండిలో హౌస్‌బోట్లు ఉన్నాయి, రిసార్టులు ఉన్నాయి. ఆ డబ్బు లేనివాళ్ళు, ఉన్నా గదుల్లో పడుకోవడం ఇష్టంలేనివాళ్ళు మోటారుసైకిళ్ళ మీద గుడారాలు వేసుకుని వస్తూనే ఉన్నారు. ఈ ఏడు రాత్రుల్లో మాకే నాలుగు గుంపులు ఎదురయ్యాయి. చోటు చూపించకపోతే కనబడ్డ చోట పడుకుంటారు. కనబడేది ఇసుక తిన్నె. పొద్దున్న లేచి పక్కనే ఉన్న నీళ్ళలోకి దిగుతారు.

ఇక్కడే నాకు భయం. ఎండాకాలం గోదారి మోకాలి లోతు కనిపిస్తుంది. దానిలో ఇసుక తవ్వుకుపోయిన గోతులుంటాయి. పైన నీరు ఒకటే రంగు. నాలుగడుగులు మోకాలి దాకా, ఐదో అడుగు నెత్తి మీద దాకా. ఒకడు జారితే పట్టుకోబోయి రెండోవాడు, వాడి కోసం మూడోవాడు. 2025 మే నెలాఖర్లో ముమ్మిడివరం మండలం కమిని దగ్గర స్నానానికి దిగిన కుర్రాళ్ళు ఎనిమిది మంది ఒక్కసారే పోయారు. మేం ఆ దారిన వెళ్తున్నప్పుడు మావాడు దిగుతానన్నాడు. నేను వద్దన్నాను. అలిగాడు. అలగనీ అన్నాను. అప్పుడు అక్కడ వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన వచ్చి, చేత్తో గీత గీసినట్టు చూపించి, “ఇక్కణ్ణుంచి అల్లక్కడ గెడ దాకా దిగొచ్చండి. అవతల మేమే దిగం” అన్నాడు. ఆ గెడ ఆయనే పాతాడట, పిల్లల కోసం. మావాడు దాని ఇవతలే మునిగి వచ్చాడు.

నేనడిగేది ఆ గెడలాంటిది. ఏటిగట్టు ఇరిగేషను వాళ్ళది, లంక భూములు రెవెన్యూ వాళ్ళవి, మడ అడవులు ఫారెస్టు వాళ్ళవి, వాటిలో మీ చెయ్యి ఆడదని నాకు తెలుసు. అందుకే మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. తాగే చెరువుకి కాస్త ఎడంగా, ఆడవాళ్ళ రేవుకి కనబడకుండా, కొబ్బరిచెట్టు పడనంత దూరంలో, పోటు ఎక్కని ఎత్తులో పది గుడారాలు పట్టే జాగా. బడి మరుగుదొడ్డి తాళం, సెలవులే కదా. టిన్ను నీళ్ళమ్మే కొట్టు ఎక్కడుందో చెప్పే ముక్క. మనిషికి రాత్రికి ఓ వంద రూపాయలు, ఆధారు నంబరు రాసుకునే పుస్తకం. సీసాలు తేకూడదంటే తేకూడదు, తెస్తే పొమ్మనండి. అప్పుడు ఆ మోటారుసైకిలు పెద్దమనిషి “పర్మిషనుందా” అని అడగగానే రసీదు చూపిస్తాం.

కాపలాకి మనిషి కావాలంటే జీతం ఎక్కణ్ణుంచి తేవాలంటారేమో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రం మీద మరబోట్లకి వేట నిషేధం. ఓడలరేవులో, అంతర్వేదిలో బోట్లు ఒడ్డునుంటాయి, మనుషులు ఇంటి దగ్గరుంటారు. సర్కారు భృతి ఇస్తుంది గానీ రెండు నెలల ఇల్లు దాంతో గడుస్తుందా? గెడ ఎక్కడ పాతాలో, పోటు ఎన్నింటికో, ఏ గాలికి ఏరు దాటకూడదో వాళ్ళకి తెలిసినంత ఎవరికి తెలుసు? గుడారాల డబ్బులో సగం రేవు దగ్గర కూర్చునే ఆ మనిషికివ్వండి. సరంగులకి కూడా ఒక మాట. పడవెక్కే పట్నం పిల్లలు లైఫ్ జాకెట్టు ఉక్కగా ఉందని విప్పేస్తారు, వినకండి. 2018 జులైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు పోయిన సంగతి మీకు నేను గుర్తుచేయక్కర్లేదు.

ఒకటి మాత్రం చేయకండి. ఎవరైనా వచ్చి లంకలో కాటేజీలు కడదాం, టైల్సు వేద్దాం, గేటు పెడదాం అంటే ఒప్పుకోకండి. గేటు పెట్టాక మీ గేదెనే లోపలికి రానివ్వరు. పైగా భద్రాచలంలో గోదారి 43 అడుగులకి చేరి మొదటి వరద హెచ్చరిక పడ్డాక లంకలో నిలబడేదేముంది? 1986 ఆగస్టు వరదకి నాకు పదిహేడేళ్ళు. ఇల్లు వదిలి ఏటిగట్టు మీద బరకం కింద ఉన్నాం, మేమూ, రెండు గేదెలూ, పక్కింటి వాళ్ళూ. మా నాయనమ్మ అక్కడే పొయ్యి పెట్టి అందరికీ గంజి కాచింది. మా మేనల్లుడు ఈ గుడారం పదివేలు పెట్టి కొన్నానని గొప్పగా చెబితే నాకు నవ్వొచ్చింది. మన లంకవాళ్ళకి గుడారం కొత్తా? కాకపోతే మనం వర్షాకాలంలో వేసుకుంటాం, వాళ్ళు ఎండాకాలంలో వేసుకుంటారు. ఎప్పుడైనా పీకేసుకుని గట్టెక్కగలిగిందే లంకకి పనికొచ్చే కట్టడం.

ఆరో రాత్రి అమలాపురం దగ్గర మా చుట్టాలింట్లో పడుకున్నాం. అది లెక్కలోకి రాదు గానీ ఎందుకు పడుకున్నామో చెప్పాలి. సాయంత్రం ఐదింటికి పడమట మబ్బు పట్టి, పది నిమిషాల్లో ఈదురుగాలి లేచింది. తోటలో మేం గుడారానికి ఊడ్చి పెట్టుకున్న చోట మట్టతో సహా కొబ్బరిగెల పడింది. మావాడు ఆ గెల పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. మబ్బు పడితే గుడారాల వాళ్ళని పిలిచి బడి అరుగు మీదికి ఎక్కించే మనిషి ఊరికొకడు ఉంటే చాలని నాకు అప్పుడనిపించింది.

వచ్చే ఏడు కాలువలు కట్టేయకముందే, ఏప్రిల్ మొదట్లో వద్దామనుకుంటున్నాం. ఈసారి మా ఆవిడ కూడా వస్తానంటోంది, సైకిలు మీద కాదు, ఆటోలో, బియ్యం మూటతో. పున్నమి ఎప్పుడో పంచాంగంలో చూసుకునే బయల్దేరతాం. మీ ఊళ్ళో జాగా ఉంటే ఫలానా చోట ఉందని ఏటిగట్టు మీద ఒక రేకు ముక్కకి రాసి కట్టండి, అక్కడే ఆగుతాం.

చివరగా, నన్ను లేపిన పెద్దాయనకి: చీకట్లో తొందరగా పీకడంలో మా గుడారం మేకులు మూడు మీ రేవు ఇసుకలో ఉండిపోయాయి. ఇనపవే, వంగలేదు. వలకో మేకకో పనికొస్తే వాడుకోండి. మీరడిగిన దానికి నేనారోజు జవాబు చెప్పలేదు. మాది గౌతమి లంకండి, రావులపాలేనికి ఎగువన.

ఇట్లు,
ఏడు రాత్రులు మీ దీవిలో పడుకున్న ఒక లంకవాడు
రాజమహేంద్రవరం